లావుపాటి కండెన్స్‌డ్ (ఇరుకు) ఫాంట్: 3 అడుగుల నిలువు బోర్డు మీద తెలుగు ఎలా నిలబెట్టాలి?

కొర్లగుంట_డిజైన్:
అందరికీ నమస్కారం. తిరుపతి బస్టాండు దగ్గర ఒక మెస్సుకి బోర్డు చేస్తున్నాను. మొదటి అంతస్తు గోడకి తగిలించే నిలువు బోర్డు, వెడల్పు 3 అడుగులు, ఎత్తు 10 అడుగులు. అంతకు మించి వెడల్పు పెట్టే చోటు లేదు, ఒక పక్క మెట్లు, ఇంకో పక్క లాడ్జి వాళ్ల ఏసీ మిషన్లు. ఓనరు గారికి ఇంగ్లీషు పేరు యాంటన్ ఫాంట్‌లో చూపించాను, బాగా నచ్చేసింది, ఇదే లావు ఇదే పొడుగు తెలుగులో కూడా కావాలని పట్టుబట్టారు. తెలుగులో రావాల్సింది "రాగిసంకటి నాటుకోడి", కింద కొంచెం చిన్నగా "భోజనం, టిఫిన్".

ఇంతకు ముందు వాళ్లకి ఎవరో చేసిచ్చిన ఫ్లెక్సీ చూశాను. తెలుగుని రెండు పక్కల నుంచీ నొక్కేసి ఇంగ్లీషు పొడవుకి లాగారు, చదవడానికే కష్టంగా ఉంది. అట్లా కాకుండా చేయాలని ఉంది. తెలుగులో నిజంగా ఇరుకుగా, లావుగా గీసిన ఫాంట్లు ఏమున్నాయి? రోడ్డు అవతలి నుంచి చదివేటట్టు రావాలంటే ఏం చూసుకోవాలి?

గాంధీరోడ్డు_డీటీపీ:
రామభద్ర ఫాంట్ వేసి వెడల్పు 70 శాతం పెట్టండి అన్నా. ఊళ్లో సగం బోర్డులు అవే. కస్టమర్ ఎవరూ స్కేలు పెట్టి కొలవరు.

అక్షరాలపిచ్చి:
డీటీపీ అన్నా, కస్టమర్ కొలవకపోవచ్చు గానీ కన్ను కొలుస్తుంది. ఒక అక్షరంలో నిలువు గీత 10 మిల్లీమీటర్లు, అడ్డగీత కూడా 10 అనుకోండి. వెడల్పు 60 శాతానికి నొక్కితే నిలువు గీత 6 అయిపోతుంది, అడ్డగీత 10 లాగే ఉంటుంది. ఇంగ్లీషులో అయితే నిలువు గీతలూ అడ్డగీతలూ విడివిడిగా ఉంటాయి కాబట్టి తేడా కొంత దాక్కుంటుంది. తెలుగులో ఒకే గీత గుండ్రంగా తిరుగుతూ పోతుంది కదా, అది పైన లావుగా, పక్కన సన్నగా, మళ్లీ కింద లావుగా కనిపిస్తుంది. సున్నా చూడండి, కోడిగుడ్డు ఆకారానికి వచ్చేస్తుంది, పైనా కిందా మందం, పక్కల సన్నం. మీ ఓనరు గారికి యాంటన్‌లో నచ్చిన లావు సరిగ్గా అక్కడే పోతుంది.

నిజమైన కండెన్స్‌డ్ ఫాంట్ అంటే నొక్కింది కాదు, ఇరుకు చోటు కోసం మొదటి నుంచీ గీసింది. ఈ రకం అక్షరాలు పుట్టిందే పోస్టర్ కోసం. కాగితం వెడల్పు మారదు, మాట మాత్రం పెద్దగా కనిపించాలి, అప్పుడు అక్షరం పైకి పెరగాల్సిందే. అమెరికాలో 1827లో డేరియస్ వెల్స్ చెక్క అక్షరాలని మిషన్ మీద పెద్ద సంఖ్యలో చెక్కడం మొదలుపెట్టాక పోస్టర్లకి ఇట్లాంటి పొడుగాటి లావుపాటి అక్షరాలు విపరీతంగా వచ్చాయి. 1903లో మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన ఆల్టర్నేట్ గోథిక్ మూడు వెడల్పుల్లో వచ్చింది, అంటే వెడల్పు మారిన ప్రతిసారీ అక్షరం మళ్లీ గీశారు. 1954లో వాల్టర్ హెట్టెన్‌ష్వైలర్ గీసిన ష్మాల్‌ఫెట్టె గ్రోటెస్క్ వచ్చింది, మన ఆఫీసు కంప్యూటర్లలో ఆయన పేరుతోనే ఉండే ఫాంట్‌కి మూలం అదే. 1963లో రుద్ది అంటించే అక్షరాల కంపెనీ లెట్రాసెట్ కోసం ఫ్రెడ్ లాంబర్ట్ కాంపాక్టా గీశాడు. 1965లో షెఫీల్డ్‌లోని స్టీఫెన్‌సన్ బ్లేక్ ఫౌండ్రీ కోసం జెఫ్రీ లీ గీసిన ఇంపాక్ట్ ముందు సీసపు అచ్చుగానే వచ్చింది, 1996 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని వెబ్ ఫాంట్లతో కలిపి పంచింది కాబట్టి ప్రపంచమంతా పాకింది. యాంటన్ గీసింది వెర్నన్ ఆడమ్స్, పాత అడ్వర్టైజింగ్ అక్షరాలని స్క్రీన్‌కి పనికొచ్చేలా మళ్లీ గీశాడు.

వీటన్నిటిలో ఒక కిటుకు ఉంది. గీత లావు పెరిగే కొద్దీ లోపలి ఖాళీ తగ్గుతుంది, అయినా ఆ ఖాళీ అన్ని అక్షరాల్లో దాదాపు ఒకే వెడల్పులో నిలువు సందులాగా ఉంటుంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య దూరం కూడా ఆ సందుకి దగ్గరగా పెడతారు. అందుకే మాటంతా ఒకే దిమ్మెలాగా కనిపిస్తుంది. పైగా ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాలు వేస్తే పైనా కిందా గీత గీసినట్టు సమానంగా వస్తుంది.

మనకి పెద్దక్షరాలు లేవు. తలకట్టు, గుడి, ఏత్వం పైకి పోతాయి, వత్తులు కిందకి పోతాయి. కాబట్టి యాంటన్ లాంటి దిమ్మె తెలుగులో రాదు, రావాలని కోరుకోవడం కూడా తప్పే. లావు రావచ్చు, ఇరుకు రావచ్చు, ఆ రెండూ చాలు.

ఫాంట్ సంగతికి వస్తే, ఏక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు చూడండి. వేరియబుల్ ఫాంట్, అంటే లావూ వెడల్పూ మనమే మార్చుకోవచ్చు, లావు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా. తెలుగు గీసింది ఓంకార్ షెండే. వెడల్పు 75, లావు 800 పెడితే మీరు అడిగిన దానికి చాలా దగ్గరగా వస్తుంది, పైగా అది నొక్కింది కాదు, ఆ కొసకి విడిగా గీసిన ఆకారం.

కొర్లగుంట_డిజైన్:
అక్కా, చాలా థాంక్స్. అనేక్ దించుకుని చూశాను. కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రాబోల్డ్ అని విడిగా కూడా ఉంది. బాగుంది, కానీ యాంటన్ పక్కన పెడితే కొంచెం మెత్తగా అనిపిస్తోంది. రామభద్రకి ఉన్న పొగరు దీనికి లేదు.

గోడరాత_పెయింటర్:
నేను కంప్యూటర్ మనిషిని కాదు, మా పిల్లోడు ఈ చర్చ చూపిస్తే రాయిస్తా ఉండా. చిత్తూరు నుంచి బెంగుళూరు రోడ్డు పొడుగునా ఇరవై ఏళ్లకి పైగా గోడలు రాసినోణ్ణి. మాకు ఫాంట్ అంటూ ఏమీ లేదు, గోడ ఎంతుంటే అక్షరం అంత. ఇరుకు గోడకి రాసేటప్పుడు మేం అక్షరాన్ని నొక్కం. గుండ్రం పక్కల్ని నిలువుగా లాగుతాం, మూలల్లో మాత్రం తిప్పుడు ఉంచుతాం. క రాస్తే పక్కలు గోడ కట్టినట్టు నిలబడాలి, పైనా కిందా మలుపు మలుపే. అప్పుడు బ్రష్ లావు ఎక్కడా మారదు, ఎందుకంటే ఒకటే ఫ్లాట్ బ్రష్ కదా, అది నిలువుకీ అడ్డానికీ ఒకటే మందం పోస్తాది. ముందు సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టుకుని, తలకట్టుకి ఒక వరస, ఒళ్లుకి రెండు వరసలు, వత్తుకి ఒక వరస వదులుకుంటాం. వత్తుకి వరస వదలకుండా రాసినోడి గోడ చూస్తానే తెలిసిపోతాది, కింది లైను మీద ఎక్కి కూచునుంటాది.

ఇంకో మాట. లావు అక్షరం రాసేటప్పుడు మేం ముందు చూసేది రంగు పడే చోటు కాదు, పడని చోటు. థ లోపల చుక్క, ధ కింద గీత, ప మీద తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు, ఇవి పూడిపోతే ఎంత అందంగా రాసినా లాభం లేదు. ఎనామిల్ కొంచెం జారుతాది కూడా, కాబట్టి సందు కావాల్సిన దానికంటే ఎక్కువే వదలాల.

అక్షరాలపిచ్చి:
అన్నా, మీరు చెప్పినదాన్ని ఫాంట్ గీసేవాళ్లు కూడా అక్షరాలా పాటిస్తారు. పక్కలు నిలువు, మూలలు గుండ్రం. దయచేసి మీ గోడల ఫోటోలు ఉంటే పెట్టించండి, ఒకటీ రెండూ అయినా చాలు. ఇవి పోతే మళ్లీ చూడలేం.

కొర్లగుంట తమ్ముడూ, అన్న చెప్పిన సందుల లెక్కలో మీ మాటలు చూసుకోండి. "రాగిసంకటి నాటుకోడి"లో వత్తు ఒక్కటి కూడా లేదు, అది మీకు బాగా కలిసొచ్చింది, లైన్లని దగ్గరగా జరపొచ్చు. ప్రమాదం ఉన్నది కింది మాటల్లో. "భోజనం"లో భ కింది గీత పూడితే "బోజనం" అవుతుంది, "టిఫిన్"లో ఫ కింది గీత పూడితే "టిపిన్". ఆ లైనుకి 800 లావు వద్దు, 600 చాలు.

గాంధీరోడ్డు_డీటీపీ:
సరే అక్కా, నొక్కితే మందం మారుతుందన్నది ఒప్పుకుంటాను. కానీ మా షాపు పరిస్థితి కూడా వినండి. మేం ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లే వాడతాం, పెళ్లి పత్రికలు, పాంప్లెట్లు, దినవారాల కార్డులు, అన్నీ. టైపిస్టుల చేతులు ఆ కీబోర్డుకి అలవాటు పడ్డాయి. పేజ్‌మేకర్‌లో యూనికోడ్ (ఇప్పటి కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల కోడ్) పనిచేయదు, అంటే మీరు చెప్పిన అనేక్ అందులో రానే రాదు. అను ఫాంట్లలో లావువి చాలానే ఉన్నాయి గానీ ఇరుకుగా గీసినవి కావాలంటే మళ్లీ వెడల్పు తగ్గించుకోవడమే దారి. అర్జెంటుగా వచ్చి అరగంటలో కావాలనే కస్టమర్‌కి ఏం చెప్పమంటారు?

లీలామహల్_ఫ్లెక్స్:
అను ఫాంట్ వాడినా పెద్ద హెడ్డింగ్ ఒక్కటీ కోరల్‌డ్రాలో యూనికోడ్‌లో కొట్టుకుని కర్వ్స్ చేసి, అంటే అక్షరాన్ని బొమ్మ గీతలుగా మార్చి తెచ్చుకోవచ్చు. మేం అదే చేస్తున్నాం. పాత కోరల్‌లో వేరియబుల్ ఫాంట్ స్లైడర్ రాదు, గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకున్న జిప్‌లో స్టాటిక్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రాబోల్డ్ విడి ఫైలుగా ఉంది, అదొక్కటే వేసుకుంటే చాలు. లైసెన్స్ కూడా ఓపెన్ ఫాంట్ లైసెన్స్, బోర్డులకి, పోస్టర్లకి, ఏ వ్యాపారానికైనా వాడుకోవచ్చు, ఫాంట్‌ని విడిగా అమ్ముకోకూడదు అంతే.

ఇక నొక్కక తప్పనప్పుడు 90 శాతం కిందకి పోకండి. అంతకంటే ఇరుకు కావాలంటే సైజు తగ్గించడమో, మాటని రెండు లైన్లు చేయడమో నయం. గంగమ్మ జాతర అప్పుడు మా దగ్గరికి రోజంతా ఫ్లెక్సీలు వస్తూనే ఉంటాయి, ప్రతి దాంట్లో పదిహేను ఫోటోలు, పదిహేను పేర్లు, అందరి పేర్లూ లావుగా కావాలంటారు. అన్నీ లావుగా ఉంటే ఏదీ లావుగా ఉండదు. అమ్మవారి పేరు ఒక్కటి లావు పెట్టి, మిగతావి మామూలుగా పెట్టి చూపిస్తే ఎక్కువ మంది ఒప్పుకుంటారు. చూపించాలి, మాటలతో చెబితే ఒప్పుకోరు.

కొర్లగుంట_డిజైన్:
రెండు లైన్లు అనే మాట పట్టుకుని లెక్క వేశాను, చూసి చెప్పండి.

వెడల్పు 36 అంగుళాలు. పక్కకి 4 చొప్పున వదిలితే మిగిలేది 28. "రాగిసంకటి" ఒకే లైనులో అంటే సున్నాతో కలిపి 6 అక్షరాల చోటు, ఒక్కొక్కదానికి 4 అంగుళాలు దాటి ఐదుకి లోపే. మామూలు వెడల్పు ఫాంట్‌లో అక్షరం ఎత్తు కూడా దాదాపు అంతే. కండెన్స్‌డ్ అయితే 6 అంగుళాల దాకా. అదే "రాగి" ఒక లైను, "సంకటి" ఒక లైను చేస్తే పెద్ద మాటకి 4 అక్షరాల చోటే, ఒక్కొక్కదానికి 7 అంగుళాలు, కండెన్స్‌డ్‌లో ఎత్తు 9 అంగుళాల దాకా పోతుంది. అంగుళానికి పది అడుగులు అని బోర్డు పనివాళ్లు చెప్పే లెక్కలో 90 అడుగుల నుంచి హాయిగా చదవొచ్చు. రాగి, సంకటి, నాటు, కోడి, నాలుగు లైన్లు, సందులతో కలిపి లైనుకి 14 అంగుళాలు వేసుకున్నా 56. బోర్డు ఎత్తు 120. ఇంకా సగం పైన మిగిలింది.

మొదటి అంతస్తు ఎత్తులో ఉంటుంది కాబట్టి బస్సుల వెనక కూడా దాగదు.

అక్షరాలపిచ్చి:
ఇదే కావాల్సింది! లైను విరిచే సరికి ఫాంట్‌తో పెనుగులాట సగం తగ్గిపోయింది చూశారా. ఇంగ్లీషులో పేరు ఒకే మాటగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి వాళ్లకి అక్షరాన్ని ఇరుకు చేయడం అవసరమైంది. మనకి "రాగి సంకటి" సహజంగానే రెండుగా విరుగుతుంది.

ఒక్క జాగ్రత్త, "రాగి"ని పక్కల దాకా సాగదీసి "సంకటి"తో సమానం చేయాలని ఓనరు గారు అంటారు, తప్పకుండా అంటారు. వద్దు. నాలుగు లైన్లూ ఒకే సైజు, ఒకే లావు, ఎడమ పక్కకి సమానం. కుడి పక్క ఖాళీ ఉంటే ఉండనివ్వండి.

మొదటిసారి_అడుగుతున్నా:
సార్, మేడం, నేను డిగ్రీ చదువుతున్నాను, కాలేజీ ఫెస్ట్ పోస్టర్ చేస్తున్నాను. ఇంపాక్ట్‌లో తెలుగు కొడితే లావుగా రాకుండా మామూలు ఫాంట్ వస్తోంది, ఫోటోషాప్‌లో అయితే డబ్బాలు డబ్బాలుగా వస్తోంది, ఇంకో ఫాంట్ పెడితే వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ఏం చేయాలి?

లీలామహల్_ఫ్లెక్స్:
తమ్ముడూ, ఇంపాక్ట్‌లో తెలుగు అక్షరాలే లేవు. విండోస్ దాని బదులు నిర్మలా లాంటి ఇంకో ఫాంట్ తెచ్చి పెడుతుంది, అందుకే సన్నగా వస్తోంది. 2022కి ముందటి ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి పోయి టెక్స్ట్ ఇంజిన్‌ని వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చు, ఇంకా పాత వెర్షన్‌లో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. మార్చాక ఫోటోషాప్ మూసి మళ్లీ తెరువు. వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి.

పోస్టర్‌కి బలూ తమ్ముడు కూడా చూడు, లావుగా, గుండ్రంగా, సరదాగా ఉంటుంది, కాలేజీకి బాగుంటుంది. ఇరుకు మాత్రం కాదు.

రేణిగుంట_ఎల్ఈడీ:
కొర్లగుంట బ్రదర్, బోర్డు ఫ్లెక్సీయా, ఏసీపీ (అల్యూమినియం షీటు) మీద యాక్రిలిక్ అక్షరాలా? అది చెప్పకుండా ఫాంట్ ఖరారు చేయకండి. లోపల లైట్ పెట్టే అక్షరం అయితే గీత లావు ఎల్ఈడీ మాడ్యూల్ పట్టేంత ఉండాలి, ఆ విషయంలో 800 లావు మాకు పండగ. కానీ రాత్రిపూట చీకట్లో తెల్లగా వెలిగే అక్షరం ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది, వెలుగు చుట్టూ పాకుతుంది. పగలు సందు బాగానే ఉంది అనుకున్న చోట రాత్రి మూసుకుపోతుంది. అందుకని వెలిగే బోర్డుకి ఒక మెట్టు తక్కువ లావు తీసుకుంటాం, అక్షరాల మధ్య దూరం కొంచెం పెంచుతాం. ఇంగ్లీషు యాంటన్‌కి కూడా ఇదే.

తెలుగుకి ఇంకో బాధ ఉంది. ప, స, హ మీద తలకట్టు ఒంటికి అంటుకోదు, విడి ముక్క. వత్తులు కూడా చాలా చోట్ల విడి ముక్కలే. ప్రతి ముక్కకీ విడిగా వైరు లాగాలి, విడిగా బిగించాలి, ఒకటి ఆరిపోతే మాట మారిపోతుంది. మీ "సంకటి"లో స తలకట్టు అట్లాంటిదే. సైజు 9 అంగుళాలు అయితే ఆ ముక్కలో మాడ్యూల్ పడుతుందో లేదో ముందే కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీసి చూడండి. పట్టకపోతే అక్షరాలకి లైట్ లేకుండా, పైనుంచి ఫోకస్ లైట్లు వేయడం మేలు.

కొర్లగుంట_డిజైన్:
యాక్రిలిక్ అక్షరాలే అనుకున్నాం అన్నా. స తలకట్టు సంగతి నాకు తట్టలేదు, ఈ రోజే ప్రింట్ తీయిస్తాను.

చిత్తూరు_అట్టపెట్టె:
మాది చిత్తూరు. మామిడి పల్పు ఫ్యాక్టరీలకి అట్టపెట్టెలు చేస్తాం, 3.1 కిలోల డబ్బాలు 6 పట్టే పెట్టె. తోతాపురి సీజన్ వస్తే ఊపిరి ఆడదు. పెట్టె పక్కభాగం ఇరుకు, దాని మీద రకం పేరు, బ్యాచ్, బరువు, అన్నీ దూరం నుంచి గోడౌన్‌లో కనిపించాలి, అందుకే మేం ఎప్పటి నుంచో ఇంగ్లీషుకి ఈ లావు కండెన్స్‌డ్ అక్షరాలే వాడతాం.

అట్ట మీద ప్రింటింగ్ ఫ్లెక్సో. ప్లేటు మెత్తగా ఉంటుంది, అట్టకి తగిలినప్పుడు కొంచెం నలిగి ఇంకు పక్కకి పాకుతుంది, పైగా అట్ట ఇంకు పీల్చుకుంటుంది. కాబట్టి కంప్యూటర్‌లో చూసిన దానికంటే ప్రతి గీతా లావుగా వస్తుంది. రేణిగుంట అన్న లైట్ గురించి చెప్పినదీ, పెయింటర్ అన్న జారుడు గురించి చెప్పినదీ, మా ఇంకు, మూడూ ఒకే దెబ్బ కొడతాయి, సందుల్ని. లోకల్ మార్కెట్ పెట్టెల మీద తెలుగు వేసేటప్పుడు ఎక్స్‌ట్రాబోల్డ్ ఎప్పుడూ వాడం, బోల్డ్ దగ్గర ఆగుతాం, ప్రింట్ అయ్యాక అదే ఎక్స్‌ట్రాబోల్డ్‌లాగా కనిపిస్తుంది. రంగు పట్టీలో తెల్ల అక్షరం వదిలేటప్పుడు మాత్రం తిరగబడుతుంది, ఇంకు లోపలికి పాకి అక్షరం సన్నబడుతుంది, అప్పుడు లావు ఎక్కువే తీసుకోవాలి.

భక్తుల_బోర్డులు:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. తిరుపతిలో బోర్డు అంటే తెలుగు, ఇంగ్లీషు ఒక్కటే కాదు కదా. మెస్సుకి వచ్చేవాళ్లలో తమిళనాడు వాళ్లు, కర్ణాటక వాళ్లు ఎంతమంది! మీకు సగం బోర్డు మిగిలిందన్నారు, ఒక లైను తమిళం, ఒక లైను కన్నడం పెట్టండి. అనేక్ ఫ్యామిలీలో తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు అన్నీ ఉన్నాయి, అన్నిటికీ ఇదే వెడల్పు, ఇదే లావు మీటర్లు. తమిళంలో మాట పొడుగ్గా సాగుతుంది, దానికి కండెన్స్‌డ్ తెలుగు కంటే ఎక్కువ అవసరం. ఒక్కో లిపికి ఒక్కో ఫాంట్ వెతికి అతికించిన బోర్డులు మన ఊళ్లో ఎన్నో చూశాను, హిందీ సన్నగా, తెలుగు లావుగా, తమిళం ఇంకెక్కడి నుంచో వచ్చినట్టు ఉంటాయి. యాత్రికుడు తన భాష వెతుక్కునేటప్పుడు అన్నీ ఒకే బరువులో ఉంటే కన్ను తేలిగ్గా పట్టుకుంటుంది.

గాంధీరోడ్డు_డీటీపీ:
అయితే ఒక ప్రశ్న. నిలువు బోర్డు కదా, అక్షరం కింద అక్షరం పెట్టి రాయొచ్చు కదా? చాలా లాడ్జీలకి అట్లాగే ఉంటుంది.

అక్షరాలపిచ్చి:
రెండు మూడు అక్షరాల పేరుకి పర్లేదు అన్నా, "లాడ్జి" లాంటి మాటకి. వత్తుని అక్షరం నుంచి విడదీయకుండా డ్జి ఒకే ముక్కగా ఉంచితే చాలు. పొడుగు మాటని అట్లా పేరిస్తే చదివేవాడు మాటని ఒక్క చూపులో పట్టుకోలేడు, ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద బండిలో పోయేవాడికి అంత టైమ్ ఉండదు. లైనుకి ఒక చిన్న మాట పెట్టడమే బాగు.

నాది ఇంకో అభిప్రాయం కూడా ఉంది, కొంతమందికి నచ్చకపోవచ్చు. తెలుగుని యాంటన్‌తో సరిపోల్చడం కంటే, యాంటన్‌నే తెలుగుకి సరిపోయేలా తగ్గించాలి. ఈ బోర్డు మీద తెలుగు పెద్దది, ఇంగ్లీషు దాని కింద. యాంటన్ తీసేసి ఇంగ్లీషు కూడా అనేక్‌లోనే పెడితే పోలిక అనే సమస్యే ఉండదు. లేదా యాంటన్ ఉంచి, దాని గీత మందం తెలుగు గీత మందంతో సమానం అయ్యే వరకు సైజు తగ్గించండి. సైజులు సమానం చేయకండి, మందాలు సమానం చేయండి.

కొర్లగుంట_డిజైన్:
చేసి చూశాను అక్కా. మందాలు సమానం చేస్తే యాంటన్ తెలుగు పక్కన కుదురుగా కూర్చుంది. ఓనరు గారు ఫోన్‌లో చూసి ఒప్పుకున్నారు. తమిళం లైను ఆలోచన ఆయనకి మరీ నచ్చింది, కన్నడం కూడా వేయమన్నారు. స తలకట్టు అసలు సైజులో ప్రింట్ తీస్తే మాడ్యూల్ పట్టేటట్టు లేదు, అందుకని యాక్రిలిక్ అక్షరాలు లైట్ లేకుండా, పైన రెండు ఫోకస్ లైట్లు అని తేల్చాం. ఇప్పుడు లావు మళ్లీ 800 పెట్టుకోవచ్చా?

రేణిగుంట_ఎల్ఈడీ:
పెట్టుకోండి. బయటి నుంచి పడే వెలుగుకి అక్షరం పాకదు. కింది లైను మాత్రం అక్క చెప్పినట్టు 600 ఉంచండి.

లీలామహల్_ఫ్లెక్స్:
కటింగ్‌కి ఫైల్ ఇచ్చే ముందు ఒకటి చూసుకోండి. వేరియబుల్ ఫాంట్‌లో ఒక అక్షరం రెండు మూడు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, స్క్రీన్ మీద కనిపించదు. కర్వ్స్ చేసి అట్లాగే మిషన్‌కి పంపితే ఆ ముక్కల అంచుల వెంబడి అక్షరం మధ్యలో కోసేస్తుంది, షీటు పాడవుతుంది. కోరల్‌లో కంట్రోల్ క్యూ కొట్టాక ఒక్కో అక్షరం ఎంచుకుని వెల్డ్ చేయండి, అంటే ముక్కల్ని ఒకటిగా కలపండి, తర్వాత రంగు తీసేసి గీతలు మాత్రమే కనిపించే వైర్‌ఫ్రేమ్‌లో చూడండి. క లోపల, టి మీద గుడి కలిసే చోట అడ్డగీతలు లేకపోతే ఫైల్ సిద్ధం. సున్నా లోపలి వృత్తం పోకుండా ఉందో లేదో కూడా చూసుకుని పంపండి.